ఊరు విడిచినవారి లెక్క



సంక్రాంతి వెళ్ళిన తరువాత కర్నూలు పడమటి గ్రామాలలోనో, పాలమూరు మెట్ట ప్రాంతంలోనో వీథుల వెంట నడచి చూస్తే చాలా ఇళ్ళకు తాళాలు కనిపిస్తాయి. కొన్ని ఇళ్ళలో ముసలివారూ, బడి ఈడు పిల్లలూ మాత్రమే ఉంటారు. ఇంటివారు ఏరీ అని అడగండి. పక్కింటావిడ తడుముకోకుండా చెబుతుంది: "మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోయినారు, ఉగాదికి వస్తారు" అనో, "బొంబాయి పోయినారు, తొలకరికి గాని రారు" అనో. ఎవరు పోయారు, ఎవరి వెంట పోయారు, ఎప్పుడు వస్తారు అన్నది ఆమెకు నోటి మీదనే ఉంటుంది.

ఊరికి ఇంత తేలికగా తెలిసిన సంగతి దేశం లెక్కల పుస్తకాలలోకి ఎక్కడం మాత్రం చాలా కష్టమైంది. నూరేళ్ళకు పైగా ప్రశ్నలు మారుస్తూ వచ్చినా ఇప్పటికీ పూర్తిగా ఎక్కలేదు. ఆ ప్రయత్నం ఎట్లా సాగింది, అందులో ఎవరు కనబడ్డారు, ఎవరు కనబడకుండా పోయారు, దానివల్ల మనకు కలిగిన లాభనష్టాలేమిటి అన్న సంగతులు ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ఉన్నవారికే లెక్క

కుంపిణీ పాలనలో జనాన్ని లెక్కపెట్టింది ప్రధానంగా శిస్తు కోసం. ఊళ్ళో ఎన్ని కొంపలున్నాయి, ఎన్ని నాగళ్ళున్నాయి, ఎంత వసూలవుతుంది అన్నదే వారికి కావలసింది. మన గోదావరి సీమ సంగతే చూడండి. అప్పటి రాజమండ్రి జిల్లాలో 1821 ప్రాంతంలో 7 లక్షల 38 వేల మంది ఉండేవారు. 1841 నాటికి 5 లక్షల 61 వేలే మిగిలారు. ఇరవై ఏళ్ళలో లక్షా డెబ్భై ఏడు వేల మంది తగ్గిపోయారన్నమాట! నడుమ కరువులు వచ్చాయి, తుపానులు వచ్చాయి. పొరుగున ఉన్న గుంటూరు సీమలో 1832-33 నాటి నందన కరువు సంగతి పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు.

అయితే తగ్గినవారిలో చచ్చిపోయినవారెందరు, బ్రతుకుతెరువు వెతుక్కుంటూ పోయినవారెందరు? పోయినవారు ఏ దిక్కుకు పోయారు? ఆ లెక్క ఎక్కడా లేదు. శిస్తు ఎందుకు పడిపోయిందో విచారించడానికి హెన్రీ మాంట్‌గోమరీ దొరను పంపితే ఆయన 1844లో నివేదిక ఇచ్చాడు. జిల్లాకు నీటి పనులు కావాలన్న మాటకు ఆ విచారణ బలమిచ్చింది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది. ప్రజలు తగ్గిపోవడం అన్న ఒక్క అంకె ఒక ఆనకట్టకు దారి తీయడంలో సాయపడిందని గమనించండి. లెక్కకు అంత బలమున్నది.

చెన్నపట్నం రాజధానిలో 1851-52 నుంచి అయిదేళ్ళకొకసారి కరణాల చేత జనాన్ని లెక్కపెట్టించడం మొదలయింది. దీన్నే మన పెద్దలు ఖానేసుమారి అనేవారు. అప్పటికి డెల్టాలో కాలువలు పారుతున్నాయి. నాట్లకూ, కోతలకూ చేతులు కావలసివచ్చి విశాఖపట్నం, గంజాం వైపు నుంచి జనం గోదావరి జిల్లాకు దిగసాగారు. కరణం పుస్తకంలో జనం పెరిగినట్లు కనబడేది గాని, పుట్టినవారెందరు, వచ్చినవారెందరు అన్నది విడదీసి చూసే వీలుండేది కాదు.

"నీవు ఎక్కడ పుట్టావు?"

1881 ఫిబ్రవరి 17వ తేదీన దేశమంతటా ఒకేసారి జనాభా లెక్క తీశారు. ఆ పట్టికలో జన్మస్థలం కూడా అడిగారు. పుట్టినచోటు ఒకటి, లెక్కకు దొరికినచోటు మరొకటి అయితే ఆ మనిషి కదిలినట్లే గదా! అంత సులువైన ప్రశ్న. దానితోనే అనేక సంగతులు బయటపడ్డాయి.

ఇటువంటి జన్మస్థలం పట్టికలనే ముందు పెట్టుకొని రావెన్‌స్టైన్ అనే ఆయన 1885లో ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు ప్రజల కదలికలను గూర్చి ఒక వ్యాసం ప్రకటించాడు. ఆయన జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడిన పటాల నిపుణుడు. ఆయన తేల్చిన విషయాలు మూడింటిని చెబుతాను. ఒకటి, కదిలేవారిలో ఎక్కువమంది దగ్గరకే పోతారు. రెండు, ఒక దిక్కుకు జనం పారితే, దానికి ఎదురుగా కొంత తిరుగుపారకం కూడా ఉంటుంది. మూడు, దగ్గరి దూరాలకు పురుషులకంటే స్త్రీలే ఎక్కువగా కదులుతారు. ఈ మూడూ మన దేశానికి నేటికీ సరిపోతున్నాయి.

మన తెలుగువారి సంగతికి వస్తే, ఉత్తర కోస్తా నుంచి ఓడలెక్కి రంగూను పోయినవారు వేలకు వేలు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా బర్మావారు మన కూలీలను కోరంగీలని పిలిచేవారు. 1931 లెక్కలో బర్మాలో ఉన్న భారతీయులు పది లక్షలు దాటారు. రంగూను పట్నంలో సగానికి మించి మనవాళ్ళే. ఆనాటికి బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. కాబట్టి అది దేశం లోపలి ప్రయాణమే. 1937 ఏప్రిల్ 1న బర్మాను ఇండియా నుంచి వేరుచేశారు. కూలివాడు ఉన్నచోటనే ఉన్నాడు, వాని రేవు మారలేదు, పని మారలేదు. అయినా తెల్లవారేసరికి పరాయి దేశంలో ఉన్నవాడయ్యాడు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షల మంది కొండలూ అడవులూ దాటుతూ కాలినడకన తిరిగి వచ్చారు. దారిలో పోయినవారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు.

మనిషి కదిలితేనే వలస అనుకుంటాము గాని, గీత కదిలినా వలసే అవుతుంది. నిజామాబాదు సంగతి ఇందుకు మంచి తార్కాణం. 1931లో నిజాంసాగర్ పూర్తయిన దరిమిలా కృష్ణా, గోదావరి డెల్టాల రైతులు అక్కడికి వెళ్ళి భూములు కొని వరి, చెరకు వేశారు. 1956 నవంబరు 1కి ముందు వారు ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోయినవారు. ఆ తేదీ తరువాత ఒకే ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు పోయినవారయ్యారు. 2014 జూన్ 2 తరువాత మళ్ళీ రాష్ట్రం దాటినవారయ్యారు. పొలం అదే, గట్టు అదే, పేరు మాత్రం రెండుసార్లు మారింది. లెక్కలను పోల్చి చూసేవారు ముందు ఏ ఏటి సరిహద్దుతో ఆ లెక్క వేశారో కనుక్కోవాలి. లేకపోతే తప్పు త్రోవ పడతారు.

ఆ ప్రశ్నకు అందనివి

జన్మస్థలం ప్రశ్నకు మన ఇళ్ళలోనే ఒక చిక్కున్నది. మొదటి కాన్పు పుట్టింట జరగడం మన ఆచారం. అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టి మూడోనెలలో తండ్రి ఇంటికి వచ్చిన బిడ్డ, ఆ తరువాత ఎనభై ఏళ్ళు ఆ ఊరి పొలిమేర దాటకపోయినా, లెక్కలో వలస మనిషే! మరొకవంక, పదిసార్లు పట్నానికి పోయి వచ్చి, చివరకు పుట్టిన ఊళ్ళోనే లెక్కకు దొరికినవాడు అసలు కదలని మనిషిగా నమోదవుతాడు.

1931లో పుట్టిన రాష్ట్రమో సంస్థానమో దాటి మరొకచోట ఉన్నవారు నూటికి నలుగురు కూడా తేలలేదు. భారతీయుడు ఇల్లు విడిచి కదలడనే అభిప్రాయం ఇటువంటి అంకెల వల్లనే బలపడింది. కోతలకు పోయి వచ్చేవారూ, కరువు ఏట పోయి వాన పడగానే వచ్చేవారూ ఆ అంకెలో లేరని గుర్తుంచుకోవాలి.

ఇంకొక లోపం: వచ్చినవారి పిల్లలు వచ్చినచోటనే పుడతారు గనుక ఒక తరంలో వలస గుర్తులు చెరిగిపోతాయి. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్ళు పారిన తరువాత గంగావతి, సింధనూరు ప్రాంతాలకు కోస్తా రైతులు తరలి వెళ్ళారు. వారు కట్టుకున్న ఊళ్ళను నేటికీ క్యాంపులనే పిలుస్తారు. జొన్న, పత్తి పండిన నేలలో వరి మడులు కట్టారు. వారి మనుమలు అక్కడ పుట్టినవారు కాబట్టి జన్మస్థలం పట్టికలో అక్కడివారే. క్యాంపు అన్న పేరు చెప్పే చరిత్రను ఆ పట్టిక చెప్పలేదు.

ప్రశ్నలు పెరిగాయి

ఈ లోపాలు చూసి 1961 లెక్కలో రెండు సంగతులు చేర్చారు: పుట్టినది పల్లెలోనా పట్నంలోనా, ఇక్కడికి వచ్చి ఎన్నాళ్ళయింది అని. 1971లో ఇంతకుముందు ఉన్న ఊరు ఏది అని అడిగారు. దానితో పుట్టిన ఊరికి తిరిగి వచ్చినవారు కూడా కనబడసాగారు. 1981లో ఎందుకు వచ్చావని కారణం అడిగారు. 2001లో ఆ కారణాలలో పుట్టిన తరువాత తరలివచ్చినవారికి వేరే గడి పెట్టారు. అమ్మమ్మగారింట పుట్టిన బిడ్డకు అప్పటికి న్యాయం జరిగింది!

2011 లెక్కలో ఇదివరకటి ఊరు ప్రకారం కదిలినవారు 45 కోట్లు దాటారు. దేశంలో నూటికి సుమారు 37 మంది. అందులో రాష్ట్రం సరిహద్దు దాటినవారు సుమారు 5 కోట్ల 40 లక్షలు. మిగిలినవారిలో అత్యధికులు సొంత రాష్ట్రంలోనే కదిలారు. దగ్గరకే పోతారన్న 1885 నాటి మాట నిజమేనని తేలింది.

కారణాల విషయంలో మీరు కొంచెం ఆలోచించాలి. పెళ్ళి అని చెప్పినవారు 20 కోట్లు దాటారు. పని కోసం వచ్చామన్నవారు 4 కోట్ల పైచిలుకు మాత్రమే. అత్తవారింటికి వచ్చిన ఆడపిల్ల మర్నాటి నుంచీ నాట్లు వేస్తుంది, కలుపు తీస్తుంది, పశువులను చూస్తుంది. ఆమె రాకతో ఒక ఊరికి ఒక పనిమనిషి పెరిగింది, మరొక ఊరికి తగ్గింది. పట్టికలో మాత్రం పెళ్ళి అన్న ఒక్క మాట పడుతుంది. ఆమె పని ఆ మాట చాటున దాగిపోతుంది. పుట్టింటి ఊరి నుంచి ఆమె వెంట తెచ్చిన విత్తనాల తెలివి, నిల్వచేసే పద్ధతి కూడా అక్కడ వ్రాయరు. విస్తరణ కార్యకర్తలు ఊళ్ళోని కోడళ్ళను ఏ ప్రాంతం నుంచి వచ్చారో అడిగితే, ఎంతో వ్యవసాయ జ్ఞానం దొరుకుతుంది.

పోయి వచ్చేవారు

ఇక అన్ని పట్టికలూ జారవిడిచినవారు ఉన్నారు. వారు కొన్ని నెలలు పోయి, తిరిగి వచ్చేవారు. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరపకోతలకు పోయేవారు వీరే. పాలమూరు నుంచి ముఠాలుగా పోయి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టినవారు వీరే. పాలమూరు కూలి అన్న మాటే ఒక పేరయిపోయింది. మరి మన దగ్గరకు వచ్చేవారూ ఉన్నారు. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి పంటల పండుగ నువాఖాయి అయిన తరువాత ముందుగా బయానా తీసుకొని, కుటుంబాలతో సహా తెలంగాణ, ఆంధ్ర ఇటుక బట్టీలకు వస్తారు. వానలకు ముందు తిరిగి పోతారు. ఒక దిక్కుకు పారకం ఉంటే ఎదురు పారకం కూడా ఉంటుందన్నది మన కళ్ళెదుటనే ఉన్నది.

వీరిని పట్టుకోవడానికి జాతీయ నమూనా సర్వేవారు ప్రయత్నించారు. 1999-2000లో, ఏడాదిలో 60 రోజులకు తక్కువ కాకుండా, ఆరునెలలు దాటకుండా పనికోసం బయట ఉన్నవారిని అడిగారు. 2007-08లో ఆ 60 రోజులను ఒక నెలకు తగ్గించారు. పల్లెలలో నూటికి ఇద్దరు కూడా తేలలేదు. ఎందుచేత? ఇల్లు తాళం వేసి అందరూ పోతే జవాబు చెప్పేవారెవరు? ముఠాతో పోయి ఎనిమిది తొమ్మిది నెలలు ఉండేవాడు ఆరునెలల గీత దాటాడు గనుక స్వల్పకాలం వలసలోకి రాడు. నా ఊరు ఇదే, మళ్ళీ వస్తాను అంటాడు గనుక స్థిరంగా వలసపోయినవాడూ కాడు. రెండు గడుల నడుమ సందులో పడిపోతాడు.

ఈమధ్య రైలు టిక్కెట్ల సాయంతో కూడా చూశారు. రిజర్వేషను లేని టిక్కెట్లను బట్టి 2011 నుంచి 2016 వరకు ఏటా సుమారు 90 లక్షల మంది రాష్ట్రాలు దాటి కదిలారని 2016-17 కేంద్ర ఆర్థిక సర్వే అంచనా వేసింది. ఇది పూర్వపు అంచనాలకంటే బాగా ఎక్కువ. మంచిదే. కాని టిక్కెట్టు ఎవరు కొన్నారో చెబుతుంది గాని, అతడు కూలీయా, విద్యార్థియా, యాత్రికుడా చెప్పదు. బస్సులోనూ, లారీలోనూ పోయినవాడు అందులో ఉండనే ఉండడు.

లెక్క తప్పితే ఏమవుతుంది?

లెక్కలో లేకపోతే మనకేమిటి నష్టం, పని దొరికితే చాలదా అని కొందరు అనవచ్చు. 2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా మూతపడినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. పనులు ఆగిపోయి, రైళ్ళూ బస్సులూ ఆగిపోయి, జనం పిల్లల నెత్తుకొని రోడ్లవెంట నడిచారు. ఏ పట్నంలో ఎందరున్నారో, వారి ఊళ్ళేవో తెలిసి ఉంటే బియ్యం ఎక్కడికి పంపాలో, రైళ్ళు ఎక్కడినుంచి వేయాలో ముందే తేలేది. ఒక కోటి మందికి పైగా కార్మికులు సొంత రాష్ట్రాలకు తిరిగి పోయారని ఆ ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. దారిలో చనిపోయినవారెందరని అడిగితే లెక్క లేదన్నారు. 1841లో రాజమండ్రి జిల్లాకు లేని లెక్క, 2020లోనూ లేదు.

చట్టం లేక కాదు. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే వచ్చింది. గుత్తేదారు లైసెన్సు తీసుకోవాలి, కూలికి ఫొటోతో పాస్‌బుక్కు ఇవ్వాలి అని అందులో ఉండేది. ఆ పాస్‌బుక్కులు సరిగా ఇచ్చి ఉంటే అదే ఒక గొప్ప లెక్క అయ్యేది. పైగా అది రాష్ట్రం దాటినవారికే వర్తించింది. కోసిగి నుంచి గుంటూరుకు పోయిన కూలి సొంత రాష్ట్రంలోనే ఉన్నాడు గనుక ఆ చట్టం నీడ అతనిపై పడలేదు. తరువాత ఆ చట్టాన్ని 2020 నాటి కార్మిక నియమావళిలో కలిపారు.

మేలు జరిగిన సంగతి కూడా చెప్పాలి. ఒక రాష్ట్రపు రేషను కార్డు మీద మరొక రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతిని 2019 ఆగస్టులో మొట్టమొదట ప్రారంభించిన జతలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. గుజరాత్, మహారాష్ట్ర మరొకటి. 2022 నాటికి అది దేశమంతటికీ వచ్చింది. అసంఘటిత కార్మికుల పేర్లు నమోదు చేయడానికి 2021 ఆగస్టులో ఇ-శ్రమ్ పెట్టారు. మనిషితోపాటు హక్కు కూడా కదిలే ఏర్పాట్లివి. అయితే, ఏ ఊరికి ఏ నెలలో ఎందరు వస్తారో తెలియకపోతే దుకాణంలో బియ్యం ఎంత ఉంచాలో తెలియదు. కాబట్టి లెక్క అవసరం తీరలేదు.

మనము చేయదగినది

2021లో జరగవలసిన జనాభా లెక్క వాయిదా పడింది. 2025 జూన్‌లో వచ్చిన ప్రకటన ప్రకారం దేశంలో ఎక్కువ భాగానికి 2027 మార్చి 1వ తేదీని లెక్కకు ఆధారంగా పెట్టుకున్నారు. మీ ఇంటికి వచ్చినవారికి ఇదివరకు ఎక్కడ ఉన్నారో, ఎన్నాళ్ళయిందో, ఎందుకు వచ్చారో దాచకుండా చెప్పండి. ఆడవారి సంగతి మగవారే చెప్పి సరిపెట్టకండి. పనికోసం వచ్చిన స్త్రీ పనికోసమే వచ్చానని చెప్పుకోవాలి.

పదేళ్ళకొకసారి వచ్చే లెక్కకు అందనిది ఊరికి ఏటా అందుతుంది. విస్తరణ కార్యకర్తలు ఊరి పెద్దలతో, మహిళా సంఘాలతో కూర్చుని ఒక చిన్న పుస్తకం పెట్టవచ్చు. ఏ నెలలో ఎన్ని కుటుంబాలు పోయాయి, ఏ వైపుకు, ఏ పనికి, ఎప్పుడు వస్తాయి, వెనుక పొలం ఎవరు చూస్తున్నారు, పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు అన్న ఈ కాసిని ప్రశ్నలు చాలు. పేర్లు అవసరం లేదు. అప్పుల సంగతి వ్రాయవద్దు. ఆ పుస్తకం మేస్త్రీల చేతికి పోకూడదు.

దీనివల్ల వెంటనే కలిగే ప్రయోజనాలు చూడండి. మగవారంతా బయట ఉన్న నెలలో విత్తనశుద్ధిపై శిక్షణ పెట్టి, ఎవరూ రాలేదనుకుంటే లాభమేమి? పొలం చూసే ఇల్లాలినే పిలవాలి. పంటనష్టం వ్రాసుకునే రోజున ఇంటివారు లేకపోతే ఆ కుటుంబం పేరు తప్పిపోవచ్చు. ముందుగా కబురు పెట్టవచ్చు. బడి ఈడు పిల్లలకు ఆ నెలలలో హాస్టలు కావాలని అధికారులను అడగడానికి ఆధారం ఉంటుంది. ఇక మిరప రైతుకు కూడా ఇది పనికివస్తుంది. కూలీలు వచ్చే ఊళ్ళలో వాన ఎట్లా ఉందో, వారి పంట ఎప్పుడు ఇంటికి చేరుతుందో ముందే తెలిస్తే కోతకు మనుషులు ఎప్పుడు వస్తారో అంచనా వేయవచ్చు. వచ్చినవారికి నీరు, నీడ, రేషను దుకాణం ముందే చూసి పెట్టవచ్చు.

అడిగిన ప్రశ్నను బట్టే మనిషి లెక్కకు వస్తాడు. ఎక్కడ పుట్టావని అడిగితే రంగూను కూలి కనబడ్డాడు. ఇదివరకు ఎక్కడున్నావని అడిగితే తిరిగివచ్చినవాడు కనబడ్డాడు. ఎందుకు వచ్చావని అడిగితే ఇంటి కోడలు కనబడింది. ఎప్పుడు పోతావు, ఎప్పుడు వస్తావు అన్న ప్రశ్న మాత్రం పక్కింటివారు తప్ప ఎవరూ సరిగా అడగలేదు. ఆ ప్రశ్న ఈ ఏడు మీ ఊళ్ళో మీరు అడగండి. వచ్చే సంక్రాంతి తరువాత తాళం పడే ఇళ్ళు ఎన్నో ఇప్పటినుంచే వ్రాసి పెట్టుకోండి.